పెంటప్ప చదివిన పెదాలు

కుంఠా నాకాలో మా ఇంటి వెనుక సందులో పెంటప్పను ఎరగని వాళ్లు లేరు. నలభై రెండేళ్లుగా టవళ్లు నేసే ఒకే కార్ఖానాలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతున్నాడు. పన్నెండు సాంచాలు ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కన పిడుగు పడినా వినబడదు. అందుకే అక్కడి మనుషులు గొంతు వాడరు. పెదాలు కదుపుతారు, ఎదుటివాడు చూసి అర్థం చేసుకుంటాడు. ఈ విద్యలో పెంటప్ప ఎంత ఘనుడంటే, బస్టాండులో అవతలి ప్లాట్‌ఫారం మీద ఎవరో మొగుడూ పెళ్లాలు పడే తగువును ఇవతల నిలబడి మొత్తం చెప్పేస్తాడు. మంచి గుణమని నేననను. అలాగని చెబుతుంటే లేచి వెళ్లిపోయిందీ లేదు.

మొన్న శ్రావణంలో ఒక ఆదివారం సాయంత్రం, కాలేజీలో చదివే శీతల్ మా గ్రంథాలయం హాల్లో పాత మూగ సినిమా వేసింది. "మాటల్లేని సినిమా అంటే నాకోసమే తీసిన్రు" అంటూ పెంటప్ప భార్య యమునాబాయిని వెంటబెట్టుకొని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. పది నిమిషాలకే ముఖం వేలాడేశాడు.

"ఏందమ్మా శీతల్, వీళ్ల పెదాలకు తెలుగు రాదు, మరాఠీ రాదు."

"ఫారిన్ సినిమా మామా. మధ్యమధ్యల రాసింది వస్తది, చదువు."

"చదువొస్తే సాంచాల కాడ ఎందుకుంట?"

కథ మాత్రం అందరికీ తెలుస్తూనే ఉంది. సినిమాలో నాయిక జడ్జిగారి భార్య. పెళ్లికి ముందు ఆమెకు వేరే బతుకొకటి ఉంది. ఆ గుట్టు తెలిసిన మీసాలవాడొకడు వచ్చి బెదిరిస్తాడు. ఇక తట్టుకోలేక ఆమె మొగుడి ముందు మోకాళ్ల మీద కూలబడి అంతా చెప్పేయబోతుంది. తెర మీది పెదాలు అంతుబట్టని పెంటప్ప, అలవాటు చావక, అర్థమయ్యే పెదాల కోసం పక్కకు చూశాడు. తెర వెలుగులో యమునాబాయి పెదాలు కదులుతున్నాయి. గొంతు లేదు.

"చెప్పకు. ఇన్నేండ్లు దాచినవు, ఇప్పుడెందుకు చెప్తవు? మొగోళ్లకు చెప్పొద్దు."

ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో పెంటప్పకు తెలియదు.

పెళ్లై ముప్పై ఆరేళ్లు. ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే పిల్ల అని చెప్పి ఇచ్చారు. ఇప్పటికీ చుడుతూనే ఉంది. కాని పెళ్లికి ముందు రెండేళ్లు భివండీలో మేనత్త ఇంట్లో ఉంది. ఎందుకుందో పెంటప్ప ఏనాడూ అడగలేదు. మర్నాడు పొద్దున అడిగాడు.

"అత్తకు పానం బాగలేకుండె" అంది యమునాబాయి, తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా.

"ఏం రోగం?"

"ముసలితనం."

"అప్పుడామెకు నలభయ్యే గద?"

"ఆమె పోయి ఇరవై ఏండ్లయింది. ఇప్పుడు దవాఖానకు తోల్కపోతవా ఏంది?"

తల ఎత్తకపోవడమే పెంటప్పకు గట్టి ఆధారమైపోయింది. వారం తిరక్కుండా తన పెళ్లి ఫొటో చంకన పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. ఆడపెళ్లివారి వెనుక వరుసలో నిలబడ్డ ఒక మీసాలవాడి మీద వేలు పెట్టాడు.

"అన్నా, వీని దిక్కు చూడు. ఎట్ల చూస్తున్నడు మా ఆమెను."

నేను కళ్లద్దాలు పెట్టుకొని చూశాను. "పెంటప్పా, వాడి చేతిలో సన్నాయి ఉంది."

"ఉంటే?"

"వాడు బ్యాండువాడు."

"బ్యాండోళ్లకు మనసుండదా?" అని ఫొటో లాక్కొని వెళ్లిపోయాడు. నవ్వుకున్నాను కాని, రెండు రోజులకు ఆయన డబ్బాలో అన్నం సగం మిగిల్చి తెస్తున్నాడని తెలిశాక నవ్వు రాలేదు. ముప్పై ఆరేళ్ల కాపురం మీద నమ్మకం పోతే ఆ మనిషికి మిగిలేది సాంచాల మోత ఇచ్చిన సగం చెవుడొక్కటే.

మధ్యాహ్నం డబ్బా తెచ్చేది యమునాబాయే. కార్ఖానా గడప దగ్గర నిలబడుతుంది, లోపలికి రాదు. గడప పక్క సాంచా పెంటప్ప స్నేహితుడు దత్తాత్రిది. ఆ రోజు పెంటప్ప అటు తిరిగి, దత్తాత్రితో పెదాలు కదిపాడు. భార్య కనబడుతూనే ఉంది. అయినా దాచలేదు. బీడీలు చుట్టే ఆడమనిషికి ఏం తెలుస్తుందని పెళ్లైన నాటి నుంచీ ఆమె ముందే అన్నీ మాట్లాడుకుంటున్నాడు.

"మా ఆమెకు పెండ్లికి ముంగట భివండీల ఎవడో ఉండె."

 దత్తాత్రి చూపు గడప వైపు ఉంది. యమునాబాయి డబ్బా కింద పెట్టి, నడుము మీద చేయి వేసి, చప్పుడు లేకుండా, ఒక్కో మాటా విడమరిచి పెదాలతోనే చెప్పింది.

"ఒక్కడు కాదు, ఇద్దరు. ఏడో నంబరు సాంచా, ఎనిమిదో నంబరు సాంచా. రెండేండ్లు రెండూ నేనే నడిపిన."

ఆ రోజు పెంటప్ప షిఫ్టు మధ్యలోనే ఇంటికి వచ్చేశాడు.

"మరి బీడీల పిల్ల అని చెప్పిరి?"

"మొగోళ్ల నడుమ సాంచాల మీద పని చేసిన పిల్ల వద్దని మీ అమ్మే అన్నది. మా నాయన అబద్ధం చెప్పిండు. పెండ్లైన మూడో నెల నీకు చెప్దామని డబ్బా పట్టుకొని వస్తి. నువ్వు దత్తాత్రితోని నా గురించే అంటున్నవు."

"ఏమన్న?"

"పిల్ల నల్లగుంది గని, ఇంట్ల ఉంటే ఇల్లు నిండినట్టుంటది అన్నవు. నా ముంగట ఎన్నడన్న అన్నవా? చెప్తే నాకు పెదాలు చదవొస్తదని నీకు తెలుస్తది, మళ్ల అట్లాంటి మాట నా కండ్ల పడదని ఊకున్న."

 ఆ ఒక్క మాటతో పాటు పెంటప్పకు ఈ ముప్పై ఆరేళ్లలో ఆమె వంట మీద, ఆమె తమ్ముళ్ల మీద, ఆమె గురక మీద అన్నవన్నీ వరసగా గుర్తొచ్చి ఉంటాయి.

"తప్పైంది" అన్నాడు.

"నాకెందుకు చెప్తవు? దత్తాత్రికి చెప్పినవు, దత్తాత్రికే చెప్పు. నేను చూస్తుంట."

మర్నాడు డబ్బా వేళకు సాంచాల వాళ్లందరి కళ్లూ పెంటప్ప నోటి మీదే ఉన్నాయి. అక్కడ గుట్టుగా చెప్పుకోవడం అంటూ ఉండదు కదా. గడపలో యమునాబాయి నిలబడింది. పెంటప్ప దత్తాత్రి వైపు తిరిగాడు.

"మా ఆమెకు ఎవడు లేకుండె. నేనే పిచ్చోణ్ని..."

ఇంతలో పోగు తెగింది. సాంచా ఆపి, వంగి ముడి వేసుకుంటూ మిగతాది బట్టకు చెప్పుకున్నాడు. తల ఎత్తేసరికి యమునాబాయి కదలకుండా అక్కడే ఉంది.

"సగమే కనబడ్డది" అన్నాయి ఆమె పెదాలు. "మళ్ల మొదటి నుంచి చెప్పు."