మావ ఆటో వెనక నెమలి

ఏళ్ల తరబడి దీన్ని మోస్తున్నాను. మా ఆవిడకి చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

కంప్యూటర్లో బొమ్మల్ని కదిలించడం నా పని. రోడ్డు భద్రత మీద ఒక చిన్న సినిమాకి బళ్ల సీన్లన్నీ నాకిచ్చారు. రాంగ్ సైడులో వచ్చిన ఆటో స్కూలు పిల్లని గుద్దాలి. ఆటో అలా రాంగ్ సైడుకి తిరిగేటప్పుడు ఎటు ఒరుగుతుందో నాకు ఎంతకీ కుదరలేదు. భోగాపురం దగ్గర మా మావ, అమ్మ తమ్ముడు, ఆటోలో పిల్లల్ని బడికి దింపేవాడు. వెళ్లి అడిగాను. పిల్లలు విసుక్కున్నా సరే, ఎంత దూరమైనా చుట్టు తిరిగొచ్చేవాడే తప్ప జన్మలో రాంగ్ సైడు తోలని మనిషి. నా కోసం ఖాళీ రోడ్డు చూసి ఒక్కసారి తోలాడు. నేను ఫోన్లో వీడియో తీసుకున్నాను.

"నా బండి సినిమాలో కనబడదు కదేటి, అల్లుడా?" అన్నాడు.

"కనబడదు మావా," అన్నాను.

అన్నప్పుడు అది అబద్ధం కాదు. తర్వాత చేశాను.

ఆ ఆటో వెనక ఒక నెమలి బొమ్మ ఉండేది. చిన్నప్పుడు నేను వేసిందే, తోక కాస్త వంకర. ఎక్కినవాళ్లందరికీ మా అల్లుడేసేడని చూపించుకునేవాడు. సినిమాలో ఆటోకి సరదాగా ఆ నెమలి పెట్టి చూశాను. బండికి ప్రాణమొచ్చిందన్నారు ఆఫీసులో. తీసెయ్యడం ఎంతసేపు? మరెందుకు తియ్యలేదు? పొగడ్త. అంతకన్నా గొప్ప కారణం ఎంత వెతుక్కున్నా దొరకడం లేదు.

సినిమాని మావ వాళ్ల ఊరి బళ్లో కూడా వేశారు. నెమలి కనబడగానే పిల్లలు మన ఆటో అంటూ చప్పట్లు కొట్టారట. ఆ వెంటనే తెర మీద పిల్ల కింద పడింది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు తల్లులు. ఒక్కొక్కరే పిల్లల్ని వేరే ఆటో ఎక్కించారు.

మావ ఫోన్ చేశాడు. "ఒరే, సినిమాలో బండికి ఆ నెమలి నువ్వేసినావేటి? నిజం సెప్పు."

"నాను కాదు మావా. వీడియో ఆఫీసులో ఇచ్చేను. ఆళ్లే ఏసీసినారు."

"అదీ అనుకున్నాన్రా. పాపం, నిన్ను కూడా నమ్మించి గొంతు కోసీసినార్రా," అన్నాడు.

నన్ను ఓదార్చాడు! తిట్టినా బాగుండేది. గొంతు కోసిన కత్తి నేనే అని ఆ క్షణం చెప్పొచ్చు కదా? ఫోన్ పెట్టేశాను. పిరికివాణ్ణి.

ఆ ఆటో అమ్మేసి ఇప్పుడు లగేజీ ఆటోలో సిమెంటు బస్తాలు తోలుతున్నాడు. మొన్న రంగు డబ్బాతో మా ఇంటికొచ్చాడు. "దీనికీ ఆ నెమలే ఎయ్యరా. తోక అలాగే వంకరుండాల," అన్నాడు.

వేశాను. పక్కనే నిలబడి, మురిసిపోతూ చూశాడు.

ఆ సినిమాలో నెమలిని పెట్టింది నేనే. ఈ మాట మావకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకైనా చెప్పాను.