మహాదేవి టీచర్ ఖాళీ పీరియడ్

పదకొండేళ్లుగా ఒక మాట నాలోనే దాచుకున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పాల్సింది నేను చేసిన తప్పు గురించే. కానీ ఆ టీచరును తలుచుకోగానే ముందు మనసు నిండేది కృతజ్ఞతతో. అదే నన్ను ఇంకా నలుపుతోంది.

నేను నారాయణఖేడ్ దగ్గర ఒక సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్తాను. అప్పట్లో టైంటేబుల్ నా చేతిలో ఉండేది. ఎవరైనా సెలవు పెడితే, ఆ గంటలో ఖాళీగా ఉన్న టీచరు పేరు సర్దుబాటు పుస్తకంలో రాసి పంపేది నేనే. వాళ్లు సంతకం పెట్టి ఆ క్లాసుకు పోవాలి. ఖాళీ అని మేమంటాం గానీ, అది పాఠం తయారు చేసుకునే గంట.

కర్ణాటక సరిహద్దున ఉన్న కంగ్టి వైపు నుంచి మహాదేవి అనే లెక్కల టీచరు కొత్తగా వచ్చింది. మా ఎనిమిదో తరగతిలో సగం మంది ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు. తెలుగులో లెక్క చదివిస్తే బిక్కమొహం వేసేవాళ్లు. ఆమెదీ కన్నడ ఇల్లే. ఖాళీ పీరియడ్‌లో కూర్చుని ఒక్కో లెక్కను రెండు భాషల్లో రాసుకునేది.

నేను ప్రతిసారీ ఆమె పేరే రాశాను. ఎందుకు? పాతవాళ్ల పేరు రాస్తే మీదికొస్తారు. ఆమె కిమ్మనకుండా సంతకం పెట్టేది. నా ఖాళీ గంటల ఎదురుగా మాత్రం ‘పరీక్షల పని’ అని రాసి పెట్టుకున్నాను. ఏ పనీ లేదు. ఆ గంటల్లో మ్యాపులు గీసుకున్నాను, పాఠాలు రాసుకున్నాను, మంచి సారని శాలువా కూడా కప్పించుకున్నాను. ఆ గంట విలువ తెలియక లాక్కుని ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. తెలిసే లాక్కున్నాను.

ఒక్కసారే అడిగింది.

“సార్, వారంల రెండు పీరియడ్లన్న ఇడిసిపెట్టుండ్రి. సూసుకోకుంట పోతే పోరగాండ్లకు ఎట్ల సమజ్ చేయాలె?”

“లెక్కలకు తయారీ ఏందమ్మా? అంత బుక్కుల ఉన్నదే గదా. జల్దీ పో, ఆరో క్లాసోళ్లు ఒర్లుతున్నరు.”

పోయింది.

ఆ నెలలోనే తనిఖీ జరిగింది. ఆమె లెసన్ ప్లాన్ పుస్తకంలో మూడు వారాల పేజీలు తెల్లగా ఉన్నాయి. వచ్చిన అధికారి స్టాఫ్‌రూంలో అందరి ముందు ఆమెను నిలబెట్టి, నా పుస్తకం పైకెత్తి చూపించాడు. ఈ సారును చూసి నేర్చుకోమన్నాడు. ఆమె నా వైపు చూసింది. సర్దుబాటు పుస్తకం నా ముందే ఉంది, తెరిచి అందులో ఆమె సంతకాలు చూపిస్తే సరిపోయేది. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. ఆ రోజు నుంచి పనిదొంగ అనే పేరు ఆమె వెంట పడింది, బదిలీ అయ్యేదాకా వదల్లేదు.

పోయినేడాది ఆమె మా బడికే హెడ్‌మిస్ట్రెస్‌గా వచ్చింది. మొదటి వారమే ఒక పద్ధతి పెట్టింది. ప్రతి టీచరుకూ రోజుకో గంట, దాని జోలికి ఎవరూ పోకూడదు. ఎవరైనా సెలవైతే తానే ఆ క్లాసుకు పోతుంది. నా భార్యను దవాఖానకు తిప్పుతున్న ఈ నెలల్లో నాకు ఇంట్లో పుస్తకం ముట్టే తీరిక లేదు. ఆమె కాపాడిన ఆ గంట వల్లే పిల్లల ముందు తలెత్తుకుని నిలబడుతున్నాను. రోజూ మనసులో ఆమెకు దండం పెట్టుకుంటాను.

ఆమెకు గుర్తుందా? ఉండే ఉంటుంది. క్షమించిందా? నేను అడగలేదు. అడిగితే పోనీలెండి సార్ అనేస్తుందని, అంత సులువుగా నేను బయటపడిపోతానని భయం.

అందుకే ఆ రోజు స్టాఫ్‌రూంలో లేచి అనాల్సిన మాట ఇక్కడ అంటున్నాను. మహాదేవి టీచర్ పని ఎగ్గొట్టలేదు. ఆమెను పాఠం రాసుకోనివ్వనిది నేను.