రావమ్మ ఇసుక సబ్బు

రావమ్మకి కోపం వస్తే ఎదటిమనిషి మీద అరవదు. పళ్లు బిగబట్టి తన పని తాను చేసుకుపోతుంది. యనమలకుదురు అరటితోటల్లో పనిచేసే ఆడవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. బెజవాడ ఒన్‌టౌన్లో బట్టల కొట్టు పెట్టుకున్న ఆదిశేషయ్యకి మాత్రం తెలియదు, పాపం!

కూతురు చౌడేశ్వరి సీమంతానికి ఇంకా రెండు నెలలుందనగా, చీర చూద్దామని ఆయన కొట్టుకెళ్లింది రావమ్మ. తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద చిలకాకుపచ్చ చీర, ఎర్రంచుది, విప్పి ఉంది. చూడగానే మనసు పడింది. నేత ఎలా ఉందోనని చెయ్యి చాపింది, అంతే.

"ఏయ్, చెయ్యి తియ్యి!" అని కసిరాడు ఆదిశేషయ్య. "ఏదీ, అరిచేతులు తిప్పు."

తిప్పింది. గెలలు కోసీ, పిలకలు తవ్వీ అరటి సొనతో నల్లబడ్డ చేతులు. ఆ మరక గుడ్డకి అంటితే జన్మలో వదలదు, నిజమే. కానీ పెద్దమనిషి అంతటితో ఊరుకుంటేనా!

"చూశారుటండీ, ఇవి చేతులా, పొయ్యిలో కొరకంచులా?" అన్నాడు బేరానికొచ్చినవాళ్లతో. అందరూ నవ్వారు. "నువ్వు అల్లంత దూరాన నిలబడి చూడు. నచ్చితే చెప్పు."

రావమ్మ చరచరా బయటికొచ్చేసింది. ఆ చీరే కొనాలి. ఈ చేతుల్తోనే తడిమి మరీ కొనాలి. ఆ నవ్విన నోరు మూయించాలి.

చింతపండు రుద్దింది, ఇటుకపొడి రుద్దింది. తోలు లేచిందిగానీ మరక కదల్లేదు. అప్పట్లో ప్రపంచయుద్ధం పుణ్యమా అని సబ్బు దొరకడమే గగనమైపోయింది. ఆఖరికి పక్కింటి కుల్సుం దగ్గర కూలబడింది. కుల్సుం మొగుడు ఇస్సాక్ అత్తర్లు అమ్ముతాడు, ఆవిడ పుట్టింట్లో సబ్బు వండేవారు.

"ఉత్త సబ్బుకి లొంగదక్కా, గరుకు కలపాలి," అంది కుల్సుం. "ముందు బూడిదనీళ్లు కావాలి. దేన్ని కాలుద్దాం?"

"అరటి మట్టల్నే తగలెడదాం. నా చేతులిట్టా చేసింది అయ్యేగా!"

మట్టలు భగభగా మండుతుంటే సగం కసి అక్కడే తీరింది రావమ్మకి. ఆ బూడిదని చిల్లుకుండలో వేసి, సున్నం కలిపి, నీళ్లు పోసి, కింద కారిన తేటని మరిగించారు. కోడిగుడ్డు వేస్తే తేలేంత ఘాటెక్కాక కొబ్బరినూనె పోశారు. కర్రతో కలిపినంతసేపూ ఆదిశేషయ్యని తిడుతూనే ఉంది రావమ్మ.

"కాస్త మెల్లిగా తిట్టక్కా, సబ్బు విరిగిపోద్ది," అని నవ్వింది కుల్సుం.

చిక్కబడ్డాక, పాతచీర కొంగులో జల్లించిన కృష్ణ ఇసుకా, ఎండు నిమ్మతొక్కల పొడీ కలిపి కొబ్బరిచిప్పల్లో పోశారు. రావమ్మకి ఆగే ఓపికేదీ? తెల్లారగానే ఒక చిప్ప తీసి రుద్దేసుకుంది. చేతులు భగ్గుమన్నాయి, బొబ్బలెక్కాయి.

"పచ్చి సబ్బు ఎవరన్నా రుద్దుకుంటారా? నెల్లాళ్లు ఆరాలి. నాలిక్కి తగిలిస్తే చురుక్కుమనకూడదు," అని చివాట్లు పెట్టి, వెన్న రాసింది కుల్సుం.

సబ్బు ఆరింది. కోపం ఆరలేదు. బొబ్బలు మానాక పొద్దునా సాయంత్రం రుద్దగా రుద్దగా చేతులు తెల్లబడ్డాయి. సీమంతం ఇంకో వారముందనగా, ఒక చిప్ప కొంగున ముడేసుకుని బెజవాడ బయల్దేరింది.

కొట్టు కిటకిటలాడుతోంది. ఆదిశేషయ్య ఆవిణ్ని గుర్తుపట్టనే లేదు. "రండమ్మా, కూర్చోండి!" అన్నాడు. చిలకాకుపచ్చ చీర ఇంకా అమ్ముడుపోలేదు. అమ్మయ్య అనుకుంది రావమ్మ. అది చూపించమంటే ఆయన తియ్యబోయాడు.

"ఆగండి షావుకారుగారూ. ఏదీ, అరిచేతులు తిప్పండి."

ఆయన తెల్లబోయి తిప్పాడు. పొద్దస్తమానం కిళ్లీలు చుట్టుకుని నమిలే మనిషి. వేళ్ల నిండా కాచు మరకలు.

"అయ్యబాబోయ్! ఈ చేతుల్తోనా మా అమ్మాయి సీమంతం చీర ముట్టుకునేది? అల్లంత దూరాన నిలబడండి." చిప్ప తీసి తెల్లదుప్పటి మీద పెట్టింది. "ఇదిగో సబ్బు. కడుక్కురండి."

ఆదిశేషయ్య ఆవిడ మొహంలోకి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. కొట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కన కూర్చున్నావిడ తన ముందున్న చీరని ఆయన చేతికందకుండా చటుక్కున లాక్కుంది. ఇంకేం చేస్తాడు? చిప్ప పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

రావమ్మ రెండు చేతులా చీర ఎత్తుకుని, అంచు నుంచి కొంగుదాకా తీరిగ్గా తడిమింది. ఎంత మెత్తగా ఉందో!

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇంకా అడక్కముందే అరిచేతులు తిప్పి చూపించాడు. రావమ్మ వంగి, ఒక్కో వేలూ చూసింది.

"బొటనవేలి దగ్గర ఇంకా ఉందండీ," అంది. "మళ్లీ కడుక్కోండి."

ఆదిశేషయ్య మళ్లీ పెరట్లోకి వెళ్లాడు.