మిగిలిన నాలుగు వాక్యాలు

ఎలమంచిలిలో పాసింజరు ఎక్కిన టీచరుగారు నా పక్కన కూర్చుని, నోటుబుక్కులో ఒక లెక్కతో కుస్తీ పడుతున్నారు. వారంలో బడి తెరుస్తారట. రెండో తరగతిలో ఇరవై నలుగురు పిల్లలు, నలభై నిమిషాల పీరియడు. ప్రతి ఒక్కరూ తన పక్కన కూర్చుని పైకి చదవాలని ఆవిడ ఆశ.

“తలా ఐదు నిమిషాలైతే మూడు రోజులకోసారి వంతొస్తాది మేడమ్,” అన్నాను.

“కూడబలుక్కుని చదివేవాళ్లకి ఐదు సాలతాయా? ఈ రెండో తరగతి వాచకంలో ఒక పేజీ మీరు చదవండి, టైం చూస్తాను.”

“నాను బడికెల్లలేదండి. లెక్కలూ అచ్చరాలూ సొంతంగా నేర్సుకున్నాను.”

“అయితే మీరే కావాలి,” అని నవ్వారు.

తప్పిపోయిన మేకపిల్ల కథ, పదకొండు వాక్యాలు. నేను చదువుతుంటే అంతవరకూ ఎవరూ వినలేదు. తడబడిన చోట ఆవిడ మాట అందించలేదు. అక్షరం కింద వేలు పెట్టి ఆగారు. ఏడో వాక్యం అయ్యేసరికి దువ్వాడ వచ్చింది.

“ఐదు సాలవు,” అంటూ పుస్తకం తీసుకుని లేచారు. అప్పటిదాకా నన్ను ‘మీరు’ అని పిలిచిన మనిషి, పిల్లలతో అన్న అలవాటుకొద్దీ, “మిగతాది రేపు చదువుదువులే,” అన్నారు.

ఆ పుస్తకం కొనుక్కోవడం కష్టమేమీ కాదు. మేకపిల్ల ఇల్లు చేరిందో లేదో ఇప్పటికీ చూడలేదు. పక్కన ఎవరైనా వేలు పెట్టి ఆగితే చదువుదామని.