తొడల మీద సొట్టలు, మాచర్ల కారం

ఈ ప్రయాణం ఒక ఫొటోతో మొదలైంది. మా పిన్ని కూతురు మౌనిక కారంపూడిలో ఉంటుంది. డిగ్రీ చదువుతూ కబడ్డీ ఆడుతుంది. కూతకు వెళ్ళిందంటే ఒకరినో ఇద్దరినో ముట్టకుండా తిరిగి రాదు. ఈ మధ్య ఊళ్ళో జరిగిన పోటీల్లో ఆమె గీత దాటి వస్తుండగా ఎవడో వీడియో తీశాడు. ఇంకొకడు ఆ వీడియోను సరిగ్గా కాలు వంగినచోట ఆపి, తొడ వెనక భాగాన్ని పెద్దది చేసి, చుట్టూ ఎర్రగీత గీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ‘గుంతల రోడ్డు’ అని రాశాడు. నవ్వే బొమ్మలు పెట్టినవాళ్ళలో అన్న వరుసవాళ్ళున్నారు, బాబాయి వరుసవాళ్ళున్నారు. ఊరికి వెళ్ళే అసలు రోడ్డు మీద బండి నడుములు విరగ్గొడుతున్నా, ఆ గుంతల ఫొటో ఆ గ్రూపులో ఏనాడూ ఒక్కడూ పెట్టిన పాపాన పోలేదు.

ఇది జరిగిన వారానికి మౌనిక ఫోన్ చేసింది. నేను నరసరావుపేటలో ఉంటాను. డిగ్రీ అయిపోయింది, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెబుతుంటాను. ఆదివారం పేటలోనే జిల్లా జట్టుకు సెలెక్షన్స్ ఉన్నాయి. దాని గురించేమో అనుకున్నాను.

“అక్కా, నాకు సెల్యులైట్ అంట. మాచర్లలో ఒక మేడమ్ న్యాచురల్‌గా తీసేస్తదంట. ఒక్క సిట్టింగుకే తేడా తెలుస్తదంట. శుక్రవారం పోదాం, నువ్వు రా.”

“ఎవరు చెప్పారే?”

“ఇన్‌స్టాలో చూశా. మా అమ్మే డబ్బులిచ్చింది. తొడ బాగైతే ఆదివారం ఆడు, లేదంటే మానేసి ఇంటో కూర్చో అంది. ఆ నిక్కరేసుకుని మళ్ళీ బయటికెళ్తే కాళ్ళిరగ్గొడతదంట.”

లెగ్గింగ్స్ వేసుకుని ఆడవే అన్నాను. వాళ్ళ సారు ఒప్పుకోడట, జట్టంతటికీ ఒకటే డ్రెస్సట. అంటే విషయం ఇది: ఆ తొడ మీది సొట్టలు ఆదివారంలోపు మాయం కావాలి, లేకపోతే ఆరేళ్ళుగా ఆడుతున్న పిల్ల ఆట మానెయ్యాలి. ఈ షరతు పెట్టింది ఆమెను కన్నతల్లి. పెట్టించింది వాట్సాప్ గ్రూపులో నవ్విన మగాళ్ళు.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు పేట బస్టాండులో మాచర్ల బస్సెక్కాను. ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు చెబుతున్నాను, పొద్దున బస్సే మంచిది. సీటు దొరుకుతుంది, ఎండ మొహం మీద పడదు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు అక్కర్లేదు. కారంపూడికి గంటన్నర పట్టింది. అక్కడ మౌనిక ఎక్కింది. ఎప్పుడూ ట్రాక్ ప్యాంటులో గెంతుతూ వచ్చే పిల్ల, చీలమండల దాకా లంగా వేసుకుని, చున్నీ కప్పుకుని, ఎవరికో కర్మకాండకు వెళుతున్నట్టు వచ్చి కూర్చుంది. కారంపూడి నుంచి దుర్గి మీదుగా మాచర్లకు ఇంకో గంట. ఎక్కిన దగ్గర్నుంచీ కిటికీలోంచే చూస్తూ కూర్చుంది.

నేను ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. సెల్యులైట్ జబ్బు కాదు. ఒంట్లో విషం చేరడమూ కాదు. చర్మం కింద కొవ్వు పొర ఉంటుంది. ఆ పొరలోంచి చర్మాన్ని లోపలికి పట్టి ఉంచే దారాల్లాంటి పోగులుంటాయి. పోగులు లాగినచోట సొట్ట పడుతుంది, మధ్యలో కొవ్వు పైకి ఉబుకుతుంది. అంతే. ఆడవాళ్ళ చర్మం కింద ఆ పోగుల అమరిక వేరు కాబట్టి, వయసొచ్చాక సన్నవాళ్ళూ లావువాళ్ళూ అని లేకుండా చాలామందికి కనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మా బస్సు పత్తి ట్రాక్టరు వెనక ఇరుక్కుంది. ట్రాక్టరు నిండా పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేలు, వాటి మీద బిగించి కట్టిన తాళ్ళు. తాడు పడినచోట లోపలికి నొక్కుకుపోయి, తాడుకూ తాడుకూ మధ్య పత్తి ఉబ్బి ఉంది.

“అదిగో చూడవే, నీ తొడ,” అన్నాను.

మౌనిక చూసింది. చాలాసేపటికి మొదటిసారి నవ్వింది. “మరి తాళ్ళు కోసేస్తే?”

“పత్తంతా రోడ్డు మీద పడుద్ది.”

దిగేటప్పుడు, వెనక్కి వెళ్ళిపోదామా అని అడిగాను. “ఇంతదూరం వచ్చాక ఏందక్కా,” అంది.

మాచర్ల బస్టాండు బయట ఆటో మాట్లాడుకున్నాం. మనిషికి ఇరవై. మేడమ్ నడిపే కేంద్రం పేరు చెప్పగానే డ్రైవరు అద్దంలోంచి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

“ఆ మేడమ్ కాడికా? మా ఇంటామె కూడా పోదామని పీక్కుతింటందమ్మా. నేను ఇక్కడిక్కడే తిరుగుతుంటా, వచ్చేటప్పుడు ఎట్టుందో చెప్పండి.”

పురుగుమందుల కొట్టు మీది మేడ. మెట్లు ఎక్కుతుంటే మందు వాసన, పైకి వెళ్ళాక అగరొత్తుల వాసన. మేడమ్ యాభైకి దగ్గర్లో ఉంటుంది. లేత గులాబీ కోటు వేసుకుంది. మౌనికను లంగా పైకి ఎత్తమని చెప్పి, తొడ మాంసాన్ని రెండు వేళ్ళతో నొక్కి, పెదవి విరిచింది.

“చానా ముదిరింది తల్లీ. ఇంకా చిన్నపిల్లవి, ఇప్పుడే ఇట్టా ఉంటే రేపు పిల్లలు పుట్టాక ఎట్టా?”

“ముదరడానికి అదేమన్నా జబ్బా మేడమ్?” అన్నాను.

“నువ్వు బయట కూర్చోమ్మా.”

“మీరు పూసేదాంట్లో ఏముంటుంది?”

“అంతా వంటింటి సరుకే. ఒక్క మందు కూడా ఉండదు.”

ఒక్క సిట్టింగుకు పన్నెండు వందలు ముందే తీసుకుని లోపలి గది తలుపు వేసింది. పావుగంట గడిచిందో లేదో నాకు తుమ్ములు మొదలయ్యాయి. గొంతు గరగరలాడింది. ఆ వాసన ఈ నేల మీద పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. కళ్ళంలో ఎండిన కాయ, మరలో పడిన కాయ, అదే ఘాటు. వంటింటి సరుకంటే కారం! తలుపు బాదాను.

“మౌనీ! మంటగా ఉందా?”

లోపలి నుంచి పళ్ళ బిగువున మాట వచ్చింది. “తట్టుకుంటాలే అక్కా.”

తోసుకుని లోపలికి వెళ్ళాను. రెండు తొడలకూ ఎర్రటి ముద్ద పూసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టేసి ఉంది. మౌనిక మంచం అంచును పట్టుకుని పైకప్పు వైపు చూస్తోంది. కళ్ళ నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

“మంట పుడితేనే కొవ్వు కరుగుతున్నట్టు,” అంది మేడమ్ తాపీగా. “మొన్న హైదరాబాదామె వచ్చింది, ఐదు నిమిషాలకే గోల. మన పల్నాటి పిల్లకి ఇదొక లెక్కా? కారంలో పుట్టి కారంలో పెరిగినోళ్ళం.”

ఈ ఒక్క మాటే మా చెల్లెలిని కట్టేసింది. మా ప్రాంతంలో కారం ఓర్చుకోలేకపోవడం పరువు తక్కువ. పెళ్ళి భోజనంలో పచ్చడి మండి నీళ్ళడిగినవాణ్ణి జన్మంతా ఎగతాళి చేస్తారు. చంటిపిల్ల గోంగూర ముద్ద కక్కకుండా మింగితే ఊరంతా మెచ్చుకుంటారు. ఆ పౌరుషం నాలుక దాకా ఉంటే ఉండనీ, తొడ చర్మానికి ఎందుకు? మైదానంలో నలుగురు పట్టుకుంటే విదిలించుకుని వచ్చే పిల్ల, ఇక్కడ మంట అని నోరు తెరిస్తే హైదరాబాదామెకు తీసిపోతానని పళ్ళు బిగబట్టి పడుకుంది. పైగా మేడమ్, “ఇంకాస్త లోపలికి దిగాలి,” అంటూ వేడినీళ్ళలో ముంచిన తువ్వాలు తెచ్చి కప్పింది. అప్పుడు మౌనిక అరిచిన అరుపు కింద కొట్లో వాళ్ళకు కూడా వినబడి ఉంటుంది.

ప్లాస్టిక్ నేనే చించేశాను. మేడమ్ అడ్డం వచ్చింది. “మధ్యలో తీస్తే ఫలితం రాదు, డబ్బులు వాపసివ్వను,” అంది. నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆ గదిలో ఉన్న కొబ్బరినూనె సీసా లాక్కుని తొడల మీద ఒంపి, ముద్దంతా గుడ్డతో తుడిచేసి, మౌనికను భుజానికి ఆనించుకుని మెట్లు దిగాను. ఆటో అక్కడే ఉంది.

“ఎట్టుందమ్మా?” అని డ్రైవరు నవ్వుతూ అడగబోయి, మౌనిక మొహం చూసి ఆగిపోయాడు.

“మీ ఆవిడని ఇటువైపు రానివ్వకన్నా. దగ్గర్లో చర్మం డాక్టరుంటే పోనియ్.”

డాక్టరు చిన్న వయసావిడ. చూడగానే నుదురు కొట్టుకుంది. అక్కడక్కడా బొబ్బలు లేచాయి. సబ్బు, చన్నీళ్ళతో ఓపిగ్గా కడిగించి, పూత మందు రాసింది. సొట్టల కోసం వెళ్ళామని చెబితే మౌనికను తేరిపార చూసింది.

“నీకు అంతకుముందున్నది జబ్బు కాదమ్మా. జబ్బు ఇప్పుడు తెచ్చుకున్నావు.”

“తగ్గడానికి ఏదీ లేదా డాక్టరమ్మా?” అంది మౌనిక. అంత మంటలోనూ అదే గోల.

“పూర్తిగా పోగొట్టేది ఏదీ లేదు. కాఫీ క్రీములు రాస్తే కొన్ని గంటలు నున్నగా కనిపిస్తుంది. మసాజ్ అయినా అంతే. బరువు పెరుగుతూ తరుగుతూ ఉండకుండా చూసుకోవడం, తొడ కండరాలు గట్టిపడేలా వ్యాయామం చెయ్యడం... వీటితో కాస్త తక్కువగా కనబడొచ్చు. నువ్వేం చేస్తుంటావ్?”

“కబడ్డీ ఆడతా.”

“మరింకేం కావాలి? రోజూ చేసేది అదేగా. బొబ్బలు మానేదాకా మాత్రం ఆట వద్దు. గుడ్డ రాసుకోకుండా గాలి తగలనియ్.”

ఆదివారం సెలెక్షన్స్ ఉన్నాయని చెప్పాను. డాక్టరు తల అడ్డంగా ఊపింది. మౌనిక అప్పుడు ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మధ్యాహ్నం బస్సుకు కారంపూడి తిరిగి వచ్చాం. తొడలకు సీటు తగలకుండా మౌనిక దారి పొడుగునా నిలబడే ఉంది. తొడలు చూసి పిన్ని లబోదిబోమంది.

“మిరపకాయలు కోసొచ్చిన రోజు చేతులకి నూనె రాసుకుని గాని నీళ్ళు తాకం గదే! తొడకెట్టా పూయించుకున్నావే, బుద్ధి లేకుండా?”

“డబ్బులిచ్చి పంపింది నువ్వే పిన్నీ,” అన్నాను. “బాగు చేయించుకుని రాకపోతే కాళ్ళిరగ్గొడతానన్నావు. ఇరగ్గొట్టుకునే వచ్చింది.”

పిన్ని లోపలికి వెళ్ళింది. మజ్జిగ చేసి తెచ్చి కూతురి చేతికిచ్చి, పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో తొడల మీద విసురుతూ ఉండిపోయింది.

ఆదివారం పేట మైదానానికి మౌనిక వచ్చింది. పిన్ని కూడా వచ్చింది. గుడ్డ తగలకూడదు కాబట్టి మౌనిక నిక్కరులోనే ఉంది, ఎర్రబడ్డ తొడలతో, మందు మరకలతో, అందరి ముందూ. వాళ్ళ సారు ఒక్కసారి చూసి, “బొబ్బ పగిలితే ఎవరిది పూచీ? ఒద్దు, కూర్చో,” అన్నాడు. జట్టులోని పిల్లలు చుట్టూ మూగారు. కారం పూయించుకున్నానని చెబితే ఒకతి, “పచ్చడి పెట్టుకుందామనుకున్నావటే?” అంది. అందరూ పగలబడి నవ్వారు, మౌనిక కూడా. ఆ తర్వాత ఆటలు మొదలయ్యాయి. పిన్ని గట్టు మీద కూర్చుని, ఎదురెండలో కూతకు వెళ్ళే ఒక్కొక్క పిల్ల కాళ్ళనూ కన్నార్పకుండా చూసింది. చాలాసేపటికి నన్ను మోచేత్తో పొడిచింది.

“ఏమే, అందరికీ ఉన్నయ్యేందే?”

“ఉంటాయి పిన్నీ.”

“ఆ ఎత్తుపిల్లకి కూడా. ఎంత సన్నగా ఉందో చూడు.” ఆగి, గొంతు తగ్గించింది. “నాకూ ఉన్నయ్యే. నీళ్ళు పోసుకునేటప్పుడు చూసి, ముసలితనం అనుకున్నా. మరి ఎవరూ చెప్పరేందే ఇట్టాంటివి?”

మౌనిక స్థానంలో వేరే అమ్మాయి జట్టులోకి వెళ్ళింది. ఆ అమ్మాయి తొడల మీదా సొట్టలున్నాయి. ఇక మౌనిక వచ్చే ఏడాది దాకా ఆగాలి. ఇంటికి వెళ్ళాక పిన్ని ఊరి గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. “నా కూతురు తొడకి గీత గీసినోడా, నీకు చేతనైతే గ్రౌండుకొచ్చి ఆ తొడ పట్టుకుని ఆపు, చూద్దాం.” గ్రూపులో ఒక్క నవ్వు బొమ్మ కూడా రాలేదు. ఆ ఫొటో మాత్రం ఎవడో తీసేశాడు.

నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. వయసొచ్చినప్పటి నుంచీ ఆడదాని ఒంట్లో ఉండేదాన్ని జబ్బు అని పేరు పెట్టి అమ్మేవాళ్ళ మీద కోపం. వాళ్ళకు గిరాకీ తెచ్చిపెట్టే ఫోన్ల మీద కోపం. ఒకే ఇంట్లో, ఒకే నీళ్ళగదిలో స్నానాలు చేసుకుంటూ, మన ఒళ్ళు ఎలా ఉంటుందో ఒకరికొకరం చెప్పుకోని మా ఆడవాళ్ళ మీద కూడా కోపమే. ఆ సొట్టలు మౌనికను ఒక్క ఆటలోనూ ఆపలేదు. వాటిని పోగొట్టుకోవడానికి చేసిన ప్రయాణమే ఆపింది. ఇప్పుడు బొబ్బలు మానాయి. చర్మం కాస్త నల్లబడింది, సొట్టలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి, ఆమె మళ్ళీ నిక్కరు వేసుకుని మైదానానికి వెళుతోంది.

సొట్టలకు వైద్యం చేయించుకుందామని మాచర్ల బస్సెక్కేవాళ్ళకు నాదొక్కటే సలహా. టికెట్టు ఎలాగూ లేదు కాబట్టి కారంపూడిలో దిగిపొండి. సాయంత్రం ఐదు దాటాక ఆడపిల్లలు ప్రాక్టీసు చేసే గ్రౌండు ఎక్కడని ఎవరినడిగినా చెబుతారు. గట్టు మీద కూర్చుని, వాళ్ళు కూతకు వెళ్ళి వచ్చేటప్పుడు కాళ్ళ వంక తీరిగ్గా చూడండి. ఎవరూ డబ్బులడగరు. ఫోన్ మాత్రం సంచిలోంచి బయటికి తీయకండి.