లంకలో విన్న ‘ఎలా’

నూజివీడు బజారులో చలపతిరావుగారి ఇల్లెక్కడ అంటే ఎవరూ చెప్పరు. లంక చలపతి అనాలి. పటాలంలో స్టోరు గుమాస్తాగా చేరి, యుద్ధం అయ్యాక నలభై ఆరులో ఇల్లు చేరిన మనిషి, తానున్నది గ్రీసు దేశపు లంకలో అని చెప్పాడు. చుట్టూ నీళ్ళున్న నేలని మనవైపు లంక అనక మరేమంటారు? ఊరికి ఆమాత్రం సందు చాలు. “రావణాసురుడు కులాసాయేనా బావగారూ?” అని బావమరిది గంగరాజు తన మామిడికాయల కొట్టులో పదిమంది ముందూ అడిగాడు. అంతే, పేరు అంటుకుపోయింది. ఆ కొట్టులోనే పనిచేసి బతకాలి గనక చలపతి నవ్వి ఊరుకున్నాడు.

ఊరు నవ్వితే నవ్వింది గానీ, ఆ మనిషి అక్కడ చూసింది తక్కువేం కాదు. ఇంటికి పంపే ఓడ కోసం కాచుకుని అయిదు నెలలు ఆ లంకలో ఉన్నాడు. పొద్దున్న స్టోరు పని కాస్తా అయిపోతే మళ్ళీ మర్నాటిదాకా తీరికే. సముద్రం ఒడ్డున నరమానవుడు కనిపించడు. నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, మోకాలిలోతులో నిలబడినా కాలిగోళ్ళు కనిపించేవి. గుట్టమీద ఎన్నడో కూలిన గుడి, నాలుగు రాతి స్తంభాలు, తల విరిగిన విగ్రహం ఒకటి. ఏ దేవుడో తెలియకపోయినా చెప్పులు విడిచే లోపలికి వెళ్ళేవాడు.

గుట్ట దిగగానే మొదటి ఇల్లు ఒక ముసలామెది. ఒకనాడు ఎండకి నోరు పిడచకట్టుకుపోయి, ఆమె గుమ్మం ముందు నిలబడి దోసిలి పట్టి “నీరు” అన్నాడు. ఆమె “నెరో, నెరో” అంటూ ముంతెడు నీళ్ళు తెచ్చిపోసింది. అది వాళ్ళ భాషలో నీళ్ళకున్న పేరని చలపతికి తెలియదు. ఇన్ని సముద్రాలు దాటివస్తే మన మాట తెలిసిన మనిషి దొరికిందనుకున్నాడు, వెర్రిబాగులవాడు. వయసు చూసి “మామ్మా” అని పిలిచాడు. ఆ పిలుపు వినగానే ఆమె కొంగులాంటి నల్లగుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

అప్పట్నించి రోజూ వెళ్ళేవాడు. ఆమె చేప వేయించి పెడితే వద్దని తలూపాడు. ఏదో వ్రతంలో ఉన్నాడు కాబోలనుకుని ఆమె ఉడికించిన శనగలూ, ఉప్పులో ఊరిన ఆలివ్ కాయలూ పెట్టింది. అతను తన రేషన్ బియ్యం పట్టుకెళ్తే, అన్నంలో పులుపు కలిపి లేత ద్రాక్షాకుల్లో చుట్టి ఇచ్చింది. అంత రుచైన అన్నం పెళ్ళివిందుల్లో కూడా తినలేదని ఇప్పటికీ భార్య ఎదుటే చెబుతాడు, భయం లేకుండా. అతను వచ్చేవేళకి మామ్మ గుమ్మంలో నిలబడి “ఎలా, ఎలా” అనేది. ఎలా ఉన్నావని అడుగుతోందనుకుని “బాగున్నాను మామ్మా” అనేవాడు.

ఓడ వచ్చిన రోజున ఆమె రేవుదాకా వచ్చింది. పడవ కదిలాక మోకాళ్ళదాకా నీళ్ళలోకి దిగి, రెండు చేతులూ చాచి “ఎలా, ఎలా” అంది. నువ్వు వెళ్ళిపోతే ఇక నేనెలా అని అడుగుతోందనుకున్నాడు చలపతి. తల వంచుకుని కూర్చున్నాడు. చెయ్యయినా ఊపలేదు.

ఇదిగో, మూడేళ్ళుగా అతన్ని తినేస్తున్నది ఇదే. “అన్నం పెట్టిన మనిషి అడిగితే మాటయినా చెప్పకుండా వచ్చేశానే” అని భార్య వరలక్ష్మి దగ్గర ఎన్నిసార్లు అన్నాడో.

“ఊరికే కుమిలిపోతే ఏంటి లాభం? ఓ జాబు రాయండి” అందామె.

నలభై తొమ్మిది వేసవిలో చాట్రాయి తోటల రసాలు తెప్పించి, చాపల మీద పొర మీద పొర ఆరబోసి, వరలక్ష్మి తాండ్ర చేసింది. దాన్ని రేకుడబ్బాలో సర్ది, గుడ్డ చుట్టి కుట్టారు. ఆ లంకలో ఇంగ్లీషు వచ్చిన బడిపంతులు ఒకాయన ఉన్నాడు. ఆయన పేర చలపతి జాబు రాశాడు. ‘ఆనాడు ఆమె ఎలా అని అడిగితే చెప్పలేకపోయాను. తప్పకుండా మళ్ళీ వస్తానని చెప్పండి. ఈ తీపి ఆమె చేతికే ఇవ్వండి.’

కార్తీకమాసంలో పంతులు దగ్గర్నించి జవాబు వచ్చింది. చలపతి చావట్లో కూర్చుని ఒకసారి తనలో తాను చదువుకున్నాడు. తర్వాత భార్యకి తెలుగులో చెప్పాడు.

డబ్బా చేరింది. మామ్మ మాత్రం దానికి మూడు నెలల ముందే పోయింది. తాండ్రని సమాధి దగ్గర పెట్టి నలుగురికీ పంచారు. ‘మీ భాషలో ఏమో గానీ, మా భాషలో ఎలా అంటే రమ్మని. ఆమె మిమ్మల్ని రమ్మనే పిలిచింది. మామా అంటే మాకు అమ్మ. ఆమె ఒక్క కొడుకూ యుద్ధంలో సముద్రం పాలయ్యాడు. మీరు తనని అమ్మా అన్నారని ఇంటింటికీ చెప్పుకుంది. ఆ తర్వాత ఏ ఓడ వచ్చినా రేవుకి వెళ్ళేది.’

వరలక్ష్మి లోపలికి వెళ్ళి వంట ముగించింది. మధ్యాహ్నం దాటినా చలపతి ఆ కాగితం పట్టుకుని కూర్చున్నచోటు నించి కదల్లేదు. ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“పొద్దుట్నించీ మంచినీళ్ళయినా ముట్టలేదు. ఇలాగైతే ఎలా అండీ?”

చలపతి ఉలిక్కిపడి లేచాడు. గబగబా అరుగు దిగి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు.

“ఇంత ఎండలో ఎక్కడికి?” అంది వరలక్ష్మి.

“పిలుస్తోంది కదే. ఈసారైనా వెళ్ళొద్దూ?” అన్నాడు.