నా తదనంతరం

ముప్పై రెండేళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని. ఏ కాగితం చేతికొచ్చినా ముందు తప్పులే వెతుకుతాను. పెండ్లి పత్రికలనూ వదలను. ఈ గుణమంటే మా పిల్లలకు మహా విసుగు.

రిటైరైన ఏడు మా కొడుకును పిలిచి, ఇంటికి ఒక కాగితం రాయించమన్నాను. సిద్దిపేటలో ఆ రెండంతస్తుల ఇల్లు నా జీతంతో కట్టింది. మా ఆయన పోయి అప్పటికి నాలుగేండ్లు. నా తర్వాత కింది భాగం కొడుక్కి, పైభాగం బిడ్డకు. రేపు అన్నాచెల్లెళ్ల మధ్య మాట రాకూడదు. నేను చెప్పింది ఇంతే. వాడికి హుస్నాబాద్‌లో మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. ఒకరోజు వచ్చి, రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసే పెద్దమనిషితో స్టాంపు కాగితాల మీద అంతా రాయించి తెచ్చాడు. తెల్లారి ఆఫీసులో సంతకం పెడితే పని అయిపోతుందన్నాడు.

తెల్లారి ఆఫీసు తెరవలేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యోగులంతా సమ్మెలోకి దిగారు. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. కొడుకు కూడా హుస్నాబాద్ పోయి, దుకాణం మూసి అక్కడి దీక్ష టెంట్‌లో కూర్చున్నాడు. రిటైరైనా మనసాగక నేనూ పొద్దుటిపూట ఇక్కడి టీచర్ల టెంట్‌కు పోయి వచ్చేదాన్ని. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక ఆ కాగితాలు తీశాను, ఎర్ర పెన్ను పట్టుకుని.

రెండో పేజీలో పెన్ను ఆగింది. 'ఈ దినము మొదలుకొని సదరు ఇంటిపై నాకు ఎట్టి హక్కులు లేవు' అని ఉంది. మళ్లీ చదివాను. ఈ దినము మొదలుకొని. అంటే సంతకం పెట్టిన సాయంత్రం నుంచే నా వంటింట్లో నేను పరాయిదాన్ని. పైభాగం మీద వచ్చే కిరాయి నాది కాదు. రేపు కాలో కన్నో చెడి, పై అంతస్తు అమ్ముకుందామన్నా నా వల్ల కాదు. నేను అడిగింది వీలునామా. వాడు తెచ్చింది దానపత్రం.

ఒళ్లు మండింది. అంత తొందరేమొచ్చింది వీడికి అనుకున్నాను. కన్నకొడుకు మీద అంత మాట అనుకున్నందుకు నా మీద నాకే కోపమొచ్చింది. అయినా కూర్చుని ఏడ్చే రకం కాదు నేను. చెప్పులేసుకుని ఆ రాసినాయన దగ్గరికి నడిచాను.

ఆఫీసుకు తాళం పడినా ఆయన మాత్రం తన బల్ల దగ్గరే పేపర్ చదువుకుంటున్నాడు. 'ఈ దినము మొదలుకొని' అన్నది కొట్టేసి, పైన ఎర్రగా 'నా తదనంతరం' అని రాసి ఆయన ముందు పెట్టాను. అద్దాలు సర్దుకుని చూశాడు.

"ఇట్ల మారిస్తె గిది గిఫ్ట్ గాదు టీచరమ్మ, వీలునామా అయితది."

అదే కావాలన్నాను. మొదటే అట్లా ఎందుకు రాయలేదని నిలదీశాను. ఆయన నసుగుతూ పేపర్ మడతపెట్టాడు.

"నేను గట్లనే రాయబోయిన. మీ కొడుకే వద్దన్నడు. మా అమ్మ బతికుండంగ గా మాట కాగితం మీద పెట్టకుండ్రి, ఇంకెట్లనన్న రాయుండ్రి అన్నడు. గా మాట లేకుంట రాయాల్నంటె నాకు గిదొక్కటే తొవ్వ దొరికింది."

అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను. నా చావు మాట రాయించడానికి వాడికి మనసు ఒప్పలేదు. ఆ ప్రేమతోనే నన్ను నా ఇంట్లోంచి బయట పెట్టబోయాడు, పాపం, అది వాడికి తెలియనే తెలియదు. నవ్వొచ్చింది.

మిగతాదంతా ఆయనే విడమరిచి చెప్పాడు. వీలునామాకు ఆఫీసు తెరిచేదాకా ఆగే పని లేదు, స్టాంపు కాగితమూ అక్కర్లేదు. తెల్లకాగితం మీద నా చేత్తో రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్లతోనూ పెట్టించుకుంటే చాలు. ఆస్తి దక్కేవాళ్లు సాక్షులుగా లేకుంటే మంచిది. మనసు మారితే మళ్లీ రాసుకోవచ్చు. ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది.

ఆదివారం కొడుకు బండి మీద వచ్చాడు. దానపత్రం చింపేశానని చెప్పగానే ముఖం మాడ్చుకున్నాడు. నా మీద నమ్మకం లేదా అన్నాడు.

"నీ మీద నమ్మకం ఉన్నది బిడ్డా. గాని నేనున్నన్ని రోజులు నా ఇల్లు నా చేతులనే ఉండాలె. టెంట్ల కూసుండి నువ్వడుగుతున్నది గిదే గాదా?"

వాడు కుర్చీ తెచ్చి బల్ల ముందు వేశాడు. నాతో పనిచేసిన ఇద్దరు టీచర్లు సాక్షులుగా వచ్చి కూర్చున్నారు. తెల్లకాగితం ముందు పెట్టుకుని, పిల్లలకు బోర్డు మీద రాసినంత గుండ్రంగా మొదలుపెట్టాను. కొడుకు పక్కన నిలబడి ఒక్కో వాక్యం చదువుతున్నాడు. 'నా తదనంతరం' అని రాశాను. తలెత్తి చూస్తే వాడు గోడ వైపు తిరిగి ఉన్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"ఇటు తిరుగు కొడుకా," అన్నాను. "గీ మాట రాసిన్నని నేను యాడికి పోత? గీ మాట ఉన్నందుకే గీ ఇంట్ల ఉంట."